గ్రంథాలయమూ - ఆరోగ్యమూ

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా పొన్నూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచిక కోసం ప్రసంగించినవారే రాసి ఇచ్చారు.)



గ్రంథాలయ వారోత్సవాల్లో మాట్లాడమంటే సాధారణంగా ఒక తెలుగు మాస్టారినో, కవిగారినో పిలుస్తారు. నేను కవిని కాను, పండితుడినీ కాను. వైద్య ఆరోగ్య శాఖలో హెల్త్ అసిస్టెంటుగా చేరి, హెల్త్ ఎడ్యుకేటరుగా రిటైరయ్యాను. సర్వీసులో సగభాగం మలేరియా రక్తపు పూతలు తీస్తూ, ఇంటి గోడ మీద వచ్చిన తేదీ వేస్తూ గడిచింది. మిగతా సగం కరపత్రాలు పంచుతూ గడిచింది. పుస్తకాల గురించి నాకు తెలిసినదంతా ఆ కరపత్రాల సంచీ భుజాన వేసుకుని ఊరూరా గ్రంథాలయాల మెట్లెక్కడం వల్ల తెలిసిందే. కాబట్టి ఈరోజు సాహిత్యం జోలికి పోకుండా, గ్రంథాలయానికీ మన ఒంటికీ ఉన్న సంబంధం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందుగా ఒక విషయం చెప్పాలి. చెప్పడానికి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

నాకొక మిత్రులుండేవారు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఏ ఊరన్నది ఇక్కడ అనవసరం. రోజూ ఉదయం గ్రంథాలయం తలుపు తీసేసరికి ఆయన మెట్ల మీద ఉండేవారు. ఇంగ్లీషు పేపరు ఆయనది, తెలుగు పేపరు నాది. తర్వాత మార్చుకునేవాళ్లం. అలా ఆరేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఒకరోజు పేపరు చదువుతూ ఆయన ఏదో అన్నారు, నాకు అర్థం కాలేదు. మళ్లీ అనమన్నాను. మాట ముద్దగా వచ్చింది. పేపరు కుడిచేతిలోంచి జారిపోయింది. అక్కడున్నవాళ్లమంతా మంచి మనసుతోనే బెంచీ మీద పడుకోబెట్టాం, విసిరాం, ఒకరు పరుగెత్తుకెళ్లి సోడా తెచ్చారు. నీరసం, కాసేపుంటే సర్దుకుంటుంది అనుకున్నాం. ఇంట్లోవాళ్లు వచ్చి, ఆటో మాట్లాడి, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిరిగేసరికి సాయంత్రమైంది. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షను ఉంది గానీ, పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఆ గడువు మేం దాటించేశాం. ఆయన ఇంకో మూడేళ్లు బతికారు. మాట మాత్రం తిరిగి రాలేదు. నలభై ఏళ్లు పాఠం చెప్పిన గొంతు అది.

ముప్ఫై నాలుగేళ్లు ఆరోగ్య శాఖలో పనిచేసిన నేను పక్కనే ఉన్నాను. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం - ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా క్షణం ఆగకూడదని ఎన్ని ఊళ్లలో చెప్పానో! నా మిత్రుడి దగ్గరికి వచ్చేసరికి నాకు తట్టింది సోడా.

తర్వాత వాళ్లావిడ చెప్పగా తెలిసింది. ఆయనకు బి.పి. చాలా ఏళ్ల నుంచే ఉందట. మాత్రలు వేసుకునేవారట. ఒకసారి చూపించుకుంటే నార్మల్‌గా ఉందన్నారు, తగ్గిపోయింది కదా అని మానేశారు. మాత్ర వేసుకుంటున్నందువల్లే నార్మల్‌గా ఉందని అంత చదువుకున్న మనిషికీ ఎవరూ విడమరచి చెప్పలేదు. ఆరేళ్లు రోజుకు రెండు గంటలు పక్కన కూర్చున్నాను. ముఖ్యమంత్రులను గురించి మాట్లాడుకున్నాం, డి.ఎ. బకాయిలను గురించి మాట్లాడుకున్నాం. మీ బి.పి. ఎంతండీ అని నేను ఒక్కనాడూ అడగలేదు.

అప్పటినుంచి నాకీ ఆలోచన పట్టుకుంది. గ్రంథాలయంలో రోజూ కూర్చునేది ఎవరు? సగం మంది ఉద్యోగ పరీక్షలకు చదివే కుర్రాళ్లు, సగం మంది మనలాంటి వాళ్లు. బి.పి., షుగరు ఉండే వయసంతా ఆ పఠన మందిరంలోనే ఉంటే, బి.పి. చూసే మిషను మాత్రం మైళ్ల దూరంలో, క్యూ చివర ఉంటుంది.

ఇంకొక సంగతి కూడా గమనించండి. బి.పి. సరిగ్గా చూడాలంటే మనిషి కనీసం అయిదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, మాట్లాడకూడదు. అంతకు అరగంట ముందు కాఫీ, సిగరెట్టు ఉండకూడదు. ఇప్పుడు చెప్పండి, ఇవన్నీ ఆసుపత్రిలో కుదురుతాయా? రెండు మెట్ల వరసలెక్కి, గంటసేపు నిలబడి, లోపలికి వెళ్లగానే చెయ్యి చాపమంటారు. డాక్టరుగారిని చూడగానే కొందరికి అంకె పైకి ఎగురుతుంది కూడా. గ్రంథాలయంలో మనిషి అప్పటికే నిశ్శబ్దంగా, బల్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చునే ఉంటాడు. బి.పి. చూడటానికి ఇంతకంటె అనువైన చోటు ప్రభుత్వం ఇంకొకటి కట్టలేదు. కాకపోతే రాజకీయాల పేజీ చదువుతుండగా మాత్రం చూడకూడదు. పంచాంగం పేజీకి వచ్చాక చూడాలి. (నవ్వులు)

ఇది కొత్త మాటేమీ కాదు. పుస్తకం మనిషి దగ్గరకు రావాలిగానీ మనిషి పుస్తకం కోసం వెతుక్కోకూడదని పట్టుబట్టిన వాళ్లు మన ప్రాంతంలోనే పుట్టారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దానికి ఊపిరి అయ్యంకి వెంకటరమణయ్య గారు. తర్వాత గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, పాతూరి నాగభూషణం గారు. పాతూరి వారిది ఈ పక్కనే పెదపాలెం. 1935లో ఆయన కొల్లూరు నుంచి పెదవడ్లపూడి వరకు బ్యాంకు కాలువ మీద పడవలో పుస్తకాలు పంపించారు. మన పెద్దవాళ్లకు ఆ కాలువ తెలుసు. బస్సులు లేని రోజుల్లో మనుషులు, ధాన్యం, గడ్డి అన్నీ పడవల మీదే నడిచేవి. వాటితోపాటు పుస్తకాలూ ఊరూరి రేవుకూ చేరాయి. బట్టలుతుక్కోవడానికో, నీళ్లకో రేవుకు వచ్చిన మనిషికి పుస్తకం ఎదురొచ్చింది.

ఆ రోజుల్లో కలరా, మశూచి, మలేరియా కూడా ఈ కాలువల వెంబడే తిరిగేవి. తాగే నీరు అదే, పశువులను కడిగే నీరు అదే. మద్రాసు రాజధాని ఆరోగ్య శాఖవారు మ్యాజిక్ లాంతరు తెచ్చి, గోడ మీద దోమ బొమ్మ, ఈగ బొమ్మ చూపించి ఉపన్యాసాలిచ్చేవారు. మా తాతగారు ఆ బొమ్మలు చూసి, అంత పెద్ద దోమ మనూళ్లో లేదులే అని ధైర్యంగా ఇంటికొచ్చేశారట. చదువుకున్న వాళ్ల కోసం తెలుగులోనే వైద్యం పుస్తకాలు వచ్చాయి. ఆచంట లక్ష్మీపతి గారు అంటువ్యాధుల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. డాక్టరుగారు రాస్తారు, గ్రంథాలయం దాచిపెడుతుంది, అక్షరం వచ్చినవాడు రానివాడికి చదివి వినిపిస్తాడు. ఆనాటి ఏర్పాటు అది. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టింది, దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఇప్పుడది మన పక్క బాపట్ల జిల్లాలో ఉంది, చూడనివాళ్లు ఒకసారి వెళ్లి చూడండి. మన నిడుబ్రోలులో రంగా గారు 1930లలో రైతాంగ విద్యాలయం నడిపారు. చదువు అంటే ఉద్యోగం ఒక్కటే కాదని ఈ గడ్డ మీద అప్పుడే తెలుసు.

చదువు ఆరోగ్యంగా ఎలా మారుతుందో మన కాలంలోనే మనం చూశాం. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ, సారా మీద పాఠం చదివి, పాఠం చదివినంతతో ఆగకుండా సారా కొట్టు మూయించారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం అయింది. అప్పుడు మనమంతా సర్వీసులోనే ఉన్నాం. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా మనకు తెలుసు, అది వేరే సభకు సంబంధించిన విషయం.

ఇక నా అనుభవంలోకి వస్తాను. గ్రంథాలయంలో ఆరోగ్యం పని ఎలా నడుస్తుందో నాకు నేర్పింది పుస్తకాలు కాదు, ఇద్దరు గ్రంథపాలకులు.

మొదటాయన దగ్గరికి ఎయిడ్స్ కరపత్రాలు పట్టుకెళ్లాను. ఆ రోజుల్లో ఆ మాట పైకి అనడానికే జనం జంకేవాళ్లు. ఒక కట్ట ఆయన బల్ల మీద, అందరికీ కనిపించేలా పెట్టి వచ్చాను. పదిహేను రోజుల తర్వాత వెళితే కట్ట కట్టలాగే ఉంది. ఆయన నవ్వి, "అయ్యా, మీరు దీన్ని నా ముక్కు ముందు పెడితే ఎవడు తీస్తాడండీ?" అన్నారు. తీసుకెళ్లి లోపల ఎవరూ వెళ్లని మూల, లావుపాటి విజ్ఞాన సర్వస్వాల పక్కన పెట్టారు. వారం తిరిగేసరికి ఒక్కటీ లేదు. వారపత్రికలో పెట్టుకుని తీసుకెళ్లిపోయారు. మా శాఖలో అన్ని శిక్షణలు ఇచ్చారుగానీ ఈ మాట మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రికి వెళితే ఎందుకొచ్చావని అడుగుతారు. గ్రంథాలయానికి వెళితే ఎవరూ అడగరు.

రెండో ఆయన సంగతి ఇంకా గొప్పది. 2005 ప్రాంతంలో క్షయకు డాట్స్ పద్ధతిలో మందులిస్తున్నాం. రోగికి ఒక పెట్టె కేటాయించేవాళ్లం. కొత్త రోగికి ఎర్ర పెట్టె, తిరగబెట్టిన వారికి నీలం పెట్టె. మొదటి రెండు నెలలు వారానికి మూడుసార్లు ఒకరి కళ్లముందు మందు మింగాలి. ఆ ఒకరు ఇంటివాళ్లు కాకూడదు, ఊళ్లో నమ్మకమైన మనిషై ఉండాలి. అంగన్‌వాడీ కార్యకర్త, మాస్టారు, కిరాణా కొట్టాయన, ఎవరైనా సరే. ఒక ఊళ్లో పెళ్లి కుదిరిన కుర్రాడికి జబ్బు బయటపడింది. ఎ.ఎన్.ఎం. దగ్గరికి వెళ్లనన్నాడు, అంగన్‌వాడీకి వెళ్లనన్నాడు. ఎవరైనా చూస్తే సంబంధం పోతుందని భయం. చివరికి ఆ ఊరి గ్రంథపాలకుడిని అడిగాను. ఆయన ఏమీ మాట్లాడకుండా పెట్టె తీసుకుని, పాత రిజిస్టర్లున్న బీరువాలో పెట్టి తాళం వేశారు. కుర్రాడు వారానికి మూడుసార్లు పేపరు చదవడానికి వచ్చేవాడు. లోపలికి వెళ్లి, కుండలో నీళ్లతో మందు మింగి, ఓ పావుగంట పేపరు తిరగేసి పోయేవాడు. ఆరు నెలలూ ఒక్క మోతాదు తప్పలేదు. వాళ్లమ్మకు కూడా తన కొడుక్కి ఇంత చదువు పిచ్చి ఎప్పటినుంచి పట్టిందా అని ఆశ్చర్యం! పెళ్లి ఒక ఏడాది వాయిదా పడింది, సంబంధం మాత్రం పోలేదు. ఇప్పుడు మందుల పద్ధతి మారింది, రోజూ వేసుకోవాలి. చికిత్స సాగినంతకాలం పోషకాహారానికి నెలకు వెయ్యి రూపాయలు ప్రభుత్వమే బ్యాంకులో వేస్తోంది. కానీ రెండు వారాలు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలన్న మాట మాత్రం మారలేదు. ఆ భయమూ పూర్తిగా మారలేదు.

ఆ గ్రంథపాలకుడే నాతో ఒకసారి ఇంకో మాట అన్నారు. "మీ డాక్టర్లు మనిషిని జబ్బు వచ్చాక చూస్తారు. నేను రోజూ చూస్తాను" అని. ఆలోచిస్తే ఎంత నిజం! పేపరు చేతుల దూరానికి జరిపి చదివేవాడెవరో, పక్కవాడిని చదివి పెట్టమనేవాడెవరో ఆయనకు తెలుసు. అది శుక్లం కావచ్చు, చిన్న ఆపరేషనుతో పోయేది. చూపు తగ్గిన మనిషి నాకు చూపు తగ్గిందని చెప్పడు. పేపర్లో ఏముందండీ అని రావడం మానేస్తాడు. తీసుకెళ్లిన నవలే మళ్లీ మూడోసారి తీసుకెళ్లి, ఇది చదవలేదండీ అనేవారెవరో ఆయనకు తెలుసు. మతిమరుపు జబ్బు ఇంట్లోవాళ్లకంటె ముందు ఆయన రిజిస్టరుకు తెలుస్తుంది. భార్య పోయాక నెలరోజులుగా రాని పెద్దాయన ఎవరో ఆయనకు తెలుసు. ఇవన్నీ తెలిసినా, ఎవరికి చెప్పాలన్నదే ఆయనకు తెలియదు. ఆ రెండో సగాన్నే మనం పూరించాలంటున్నాను.

పైదేశాల్లో ఇది ఇప్పుడు పద్ధతిగా నడుస్తోంది. మనలో చాలామంది పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరునెలలుండి వస్తున్నారు. అక్కడ మనకు కాలక్షేపం అయ్యేది గ్రంథాలయమే కదా! నేనూ వెళ్లాను. అక్కడ కొన్ని ఊళ్లలో బి.పి. మిషనును కూడా పుస్తకం ఇచ్చినట్టే కార్డు మీద ఇంటికి ఇస్తారు, గడువులోగా తిరిగి ఇవ్వాలి. అరిజోనా రాష్ట్రంలో టూసన్ నగరమున్న పీమా కౌంటీ గ్రంథాలయాలకు 2012 నుంచి ప్రజారోగ్య శాఖ నర్సులు వస్తున్నారు. ఫిలడెల్ఫియా దక్షిణ భాగంలో 2016లో ఒకే భవనంలో గ్రంథాలయం, ఆరోగ్య కేంద్రం, పిల్లల వైద్యం కలిపి పెట్టారు. ఇంగ్లాండులో 2013 నుంచి ఒక పథకం ఉంది. దిగులు, ఆందోళన ఉన్నవారికి డాక్టరుగారు ఫలానా పుస్తకం చదవమని సూచిస్తారు, ఆ పుస్తకం గ్రంథాలయంలో సిద్ధంగా ఉంటుంది. వేల్సులో అంతకంటె ముందే మొదలుపెట్టారు. మాత్రల చీటీ లాగే పుస్తకం చీటీ అన్నమాట.

వాళ్లకు డబ్బుంది, చేస్తున్నారు అనవచ్చు. మనకూ ఉంది. మన రాష్ట్రంలో 1960 గ్రంథాలయ చట్టం కింద మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంది. ఈసారి రసీదు చూసుకోండి. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని గ్రంథాలయ సంస్థకు పూర్తిగా జమ చేయడం లేదన్న ఫిర్యాదు మన సర్వీసు నాటి నుంచీ వింటున్నాం. పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కనకనే మనం ఆ రోజు పండుగ చేసుకుంటున్నాం. గ్రంథాలయమూ అంతే. అక్కడి బెంచీ మీద మనం ఉచితంగా కూర్చోవడం లేదు, ఎనిమిది పైసలు కట్టి కూర్చుంటున్నాం.

ఇక్కడ మా తప్పు కూడా ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద మేం కొందరం ఉత్సాహపడి ఒక గ్రంథాలయంలో ఉచిత వైద్య శిబిరం పెట్టించాం. ఒక ప్రైవేటు ఆసుపత్రివారు వస్తామన్నారు, ఫ్లెక్సీలు కూడా వాళ్లే కట్టారు. వచ్చినవాళ్లందరికీ బి.పి., షుగరు చూసి, అందరి పేర్లూ ఫోను నెంబర్లూ రాసుకున్నారు. మర్నాటి నుంచి ఫోన్లు మొదలు. మీ గుండెకు ఫలానా పరీక్ష వెంటనే చేయించుకోవాలి, తగ్గింపు ధర వారం రోజులే అని. ఒక అటెండరుగారు ఉన్న కాస్త డబ్బూ పరీక్షలకు పోసి, చివరికి ఏమీ లేదనిపించుకుని వచ్చారు. నన్ను చూస్తే తల తిప్పుకునేవారు, ఆయన తప్పేమీ లేదు. ఇంకో పొరపాటు పూర్తిగా మాదే. బి.పి., షుగరు అంకెలన్నీ బల్ల మీద తెరిచి ఉంచిన రిజిస్టరులో రాశాం. సాయంత్రానికి ఎవరికి షుగరెంతో బజారంతా తెలిసిపోయింది. పిల్లకు సంబంధాలు చూస్తున్న ఒక తల్లి మా ఇంటికొచ్చి, మీరు చేసింది మంచిపనేనా అని అడిగింది. ఏం చెప్పను?

అందుకని ఈసారి నేను కోరేది శిబిరం కాదు. శిబిరం ఒకరోజు తిరునాళ్ల. బి.పి. ఏడాది పొడవునా ఉండేది. వారానికి ఒకరోజు, శనివారం ఉదయం, రెండు గంటలు చాలు. ఒక మంచి డిజిటల్ మిషను మన సంఘం కొంటుంది. లావు చేతులవారికి పెద్ద పట్టీ కూడా కొనాలి, చిన్న పట్టీ పెట్టి చూస్తే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. మనలో స్టాఫ్ నర్సులుగా, ఫార్మసిస్టులుగా, ఆరోగ్య శాఖలో రిటైరైనవాళ్లం ఉన్నాం. వంతులవారీగా ఇద్దరేసి కూర్చుంటాం. రెండుసార్లు చూస్తాం. అంకె ఒక చిన్న కార్డు మీద రాసి ఆ మనిషి చేతిలోనే పెడతాం, మన దగ్గర ఏ రిజిస్టరూ ఉండదు. 140 మీద 90 దాటి పదేపదే వస్తుంటే పి.హెచ్.సి.కి వెళ్లమంటాం. 180 మీద 120 దాకా వచ్చిందంటే ఆ కుర్చీలోంచే 108కి ఫోను. మందు పేరు చెప్పం. ఏ ఆసుపత్రి బోర్డూ ఉండదు. ఏ కంపెనీ క్యాలెండరూ పంచం.

ఈ మాట గ్రంథపాలకులతో ముందే మాట్లాడాను. ఆయనకు కొన్ని సందేహాలున్నాయి, అవి న్యాయమైనవే. పరీక్షలకు చదివే పిల్లలకు ఇబ్బంది కలగకూడదన్నారు. అందుకని వరండాలో కూర్చుంటాం, మాటలు తగ్గిస్తాం. తగ్గించగలమా అని నావైపు చూస్తున్నారు కొందరు, ప్రయత్నిస్తాం. జిల్లా గ్రంథాలయ సంస్థ నుంచి రాతపూర్వకంగా అనుమతి కావాలన్నారు, దరఖాస్తు పెట్టాం. మనకు దరఖాస్తులు పెట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. చివరగా ఆయనన్న మాట నాకు బాగా నచ్చింది. "పుస్తకం అడిగితే ఇస్తానండీ. ఏ మాత్ర వేసుకోవాలో చెప్పమంటే మాత్రం నన్ను అడగొద్దు" అన్నారు. అలా అనగలిగిన మనిషి దగ్గర ఆరోగ్యం పని భద్రంగా ఉంటుంది.

పుస్తకాల సంగతి కూడా. ఆరోగ్యం అన్న బీరువా తీస్తే మంచి పుస్తకాల పక్కనే, షుగరును నలభై రోజుల్లో శాశ్వతంగా పోగొట్టే పుస్తకాలూ ఉంటున్నాయి. ఇప్పుడు వాటికి తోడు సెల్ ఫోన్లో వచ్చే సందేశాలు. పొద్దున్నే శుభోదయం బొమ్మతో పాటు ఒక ఆకు పేరు, ఆ ఆకుతో కిడ్నీలు బాగయ్యాయని ఒక కథ. పంపేది మనమే, మన మీద మనమే. నెలకొకసారి మనలో తెలిసినవాళ్లు ఆ బీరువా ముందు కూర్చుని, గ్రంథపాలకుల అనుమతితో, నమ్మదగిన పుస్తకాలు ఒక అరలోకి తెస్తే చాలు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన "వైద్యుడు లేని చోట" పాతదైనా ఇప్పటికీ ఇంటింటా ఉండదగ్గది. మందుల మోతాదులకు మాత్రం డాక్టరునే అడగాలి. ఆడవాళ్ల ఆరోగ్యం మీద 1991లో వచ్చిన "సవాలక్ష సందేహాలు" చదివి మా ఆవిడ నన్ను అడిగిన ప్రశ్నలకు, అన్నేళ్ల ఆరోగ్య శాఖ అనుభవంతో నేను ఒక్కదానికీ సరిగా జవాబు చెప్పలేకపోయాను. అలాంటి పుస్తకాలు.

ఆడవాళ్ల మాట వచ్చింది కనక ఇదీ చెప్పాలి. ఈ సభలో ఆడవాళ్లు ముందు వరుసలో ఉన్నారు, సంతోషం. రేపు పఠన మందిరానికి వెళ్లి చూడండి, పెద్దవయసు ఆడమనిషి ఒక్కరు కనిపిస్తే గొప్ప. ఫ్యామిలీ పెన్షను తీసుకునే అక్కయ్యలు, వదినెలు ఎంతమంది ఒంటరిగా ఇళ్లలో ఉన్నారో మనకు తెలుసు. గ్రంథాలయంలో మిషను పెడితే అది మగవాళ్ల మిషనే అవుతుంది. దీనికి నా దగ్గర పూర్తి ఉపాయం లేదు. నెలలో ఒక శనివారం ఆడవాళ్లకే ఉంచి, మన రిటైర్డ్ సిస్టర్లే కూర్చుని, వచ్చినవారు వెళ్లేటప్పుడు రెండు వారపత్రికలో, నవలలో ఇంటికి తీసుకువెళ్లేలా సభ్యత్వం కట్టిస్తే కొంత మేలని ఒక అక్కయ్యగారు సూచించారు. అడిగిందీ ఆవిడే, చేస్తానన్నదీ ఆవిడే. మంచి సూచన వచ్చినప్పుడు చర్చ ఎక్కువ పెట్టకూడదు.

సమయం అయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క నిమిషం. మిషను కొనడానికి చందా ఇవాళ అడగడం లేదు, దానికి ఇద్దరు ముందుకు వచ్చారు. నాకు కావలసింది మీ శనివారాలు. తలుపు దగ్గర బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టాను. మొదటి పేజీలో నాలుగు శనివారాలకు గళ్లు గీశాను. మొదటి గడిలో నా పేరు రాసుకున్నాను, రెండో పేరు ఖాళీగా ఉంది. బి.పి. చూడటం రానివారైనా ఫరవాలేదు, వచ్చినవారిని అయిదు నిమిషాలు మాట్లాడించకుండా కూర్చోబెట్టే మనిషి కూడా ఒకరు కావాలి. హెడ్మాస్టర్లెవరైనా ఉంటే ఆ పనికి బాగా సరిపోతారు.